కొనేదేది, వండుకునేదేది?

ఇంటి వంట గురించి, బజారులో దొరికే రెడీమేడ్ సరుకు గురించి పాఠకులు పంపిన ప్రశ్నలకు ఈసారి జవాబులు. కొలతల్లో టీస్పూను అంటే 5 మి.లీ., టేబుల్‌స్పూను అంటే 15 మి.లీ.

ప్రశ్న: ఇద్దరం ఉద్యోగాలకు వెళ్తాం. అన్నీ ఇంట్లో చేసుకోవడం కుదరదు, అన్నీ కొనడానికి మనసొప్పదు. ఏది కొనొచ్చు, ఏది కొనకూడదు అని తేల్చుకోవడానికి సులువైన పద్ధతి ఏదైనా ఉందా?

జవాబు: ఉంది. ప్యాకెట్‌లోకి వెళ్లేముందు ఆ సరుకుకు ఫ్యాక్టరీలో ఏం పని జరిగిందో చూడండి. కడగడం, ఒలవడం, కోయడం, ఉడకబెట్టడం, గడ్డకట్టించడం ఇవన్నీ చేతి పనులు. వాటిని యంత్రం చేసిపెడితే మనకు పోయేదేమీ లేదు. ఫ్రీజ్ చేసిన బఠాణీలు, డబ్బాలో ఉడికిన గింజలు, తొక్క తీసిన టమాటాలు ఈ కోవలోవి. ఉప్పెంత, తీపెంత, నూనెంత, పులుపెంత అన్నది తేల్చడం మాత్రం నాలుక పని. సాసులు, సూప్ పొడులు, మసాలా మిశ్రమాలు, సలాడ్‌పై పోసే డ్రెస్సింగులు, పండ్ల రుచుల పెరుగులు ఈ రెండో కోవలోకి వస్తాయి. వాటిలో ఉప్పూ తీపీ మీ ఇంటివాళ్ల నాలుకను చూసి వేసినవి కావు, అరలో ఎన్ని నెలలు నిలవాలో చూసి వేసినవి. మొదటి రకం నిశ్చింతగా కొనండి. రెండో రకం ఇంట్లో కలుపుకోండి. ఈ కలుపుకోవడానికి పట్టే సమయం మనం భయపడేంత ఉండదు.

డ్రెస్సింగ్ సంగతే తీసుకోండి. మూత బిగుతుగా ఉన్న చిన్న సీసాలో మూడు టేబుల్‌స్పూన్ల నూనె, ఒక టేబుల్‌స్పూను నిమ్మరసం, అర టీస్పూను ఆవాల ముద్ద, చిటికెడు ఉప్పు వేసి అర నిమిషం గిలకొట్టండి, అంతే. ఆవాల ముద్ద నూనెనూ రసాన్నీ కాసేపు విడిపోకుండా పట్టి ఉంచుతుంది. అది లేకపోతే తినబోయే ముందు మరోసారి గిలకొట్టాలి.

పండ్ల పెరుగు కప్పు మీద లెక్క ఇలా చూడండి. పాలల్లో సహజంగానే 100 గ్రాములకు 4.5 నుంచి 5 గ్రాముల చక్కెర ఉంటుంది. 150 గ్రాముల కప్పు మీద మొత్తం చక్కెర 18 గ్రాములని ఉంటే అందులో సుమారు 7 గ్రాములు పాలవి. మిగతా 11 గ్రాములు పండువి, పైన కలిపినవి. పండు వంతు సాధారణంగా కొద్దిగానే ఉంటుంది. టీస్పూను చక్కెర 4 గ్రాములు అనుకుంటే దాదాపు మూడు చెంచాలన్నమాట. తియ్యదనం లేని పెరుగులో పండు ముక్కలు కోసి, ఒక చెంచా చక్కెర మీరే వేసుకుంటే రెండు చెంచాలు మిగిలినట్టే.

ఈ సూత్రానికి రెండు మినహాయింపులున్నాయి. కోసి అమ్మే పండ్లు, ఆకుకూరలు చేతి పనే అయినా కోసిన అంచుల దగ్గర త్వరగా పాడవుతాయి, ఆ రోజుకు సరిపడానే తెచ్చుకోండి. తురిమి అమ్మే చీజ్‌లో పోగులు ఒకదానికొకటి అంటుకోకుండా పిండి చల్లుతారు, అందుకే అది సాసులో నున్నగా కరగదు. చీజ్ ముక్క కొని తురుముకోండి.

ప్రశ్న: డబ్బాలో దొరికే ఉడికిన రాజ్మాలో ఉప్పు ఎక్కువని ఎండు గింజలు తెచ్చాను. రాత్రంతా నానబెట్టి రెండు గంటలు ఉడికించినా కొన్ని మెత్తబడ్డాయి, కొన్ని రాళ్లలాగే ఉన్నాయి. లోపం ఎక్కడ?

జవాబు: నాలుగు కారణాలుండొచ్చు. వాటిలో మీది ఏదో మీరే పట్టుకోగలరు.

మొదటిది గింజల వయసు. వేడి, తేమ ఉన్నచోట నెలల తరబడి నిలవున్న గింజ ఎంత నానినా ఉడకనంటుంది. పాత సరుకూ కొత్త సరుకూ కలిపి అమ్మితే మీకైనట్టే సగం మెత్తగా, సగం గట్టిగా మిగులుతాయి. డబ్బాలో మిగిలిన గింజల మీద కొత్తవి పోసే అలవాటు మన ఇళ్లలోనే ఉంది, దుకాణాన్ని అనేముందు అది చూసుకోండి.

రెండోది నీళ్లు. నీళ్లలో కాల్షియం, మెగ్నీషియం ఎక్కువైతే గింజ తొక్కలోని కణాలను అతికించి ఉంచే పెక్టిన్ అనే జిగురును అవి బిగించేస్తాయి. కెటిల్ అడుగున తెల్లటి పెంకు కడుతోందంటే మీ నీళ్లు ఆ జాతివే. దీనికి విరుగుడు ఉప్పే. లీటరు నీళ్లకు 15 గ్రాముల ఉప్పు, అంటే దాదాపు మూడు టీస్పూన్లు, కలిపి అందులో నానబెట్టండి. ఉప్పులోని సోడియం వెళ్లి తొక్కలోని కాల్షియం చోటును ఆక్రమిస్తుంది, తొక్క మెత్తబడుతుంది, పగలదు. ఆ నీళ్లు పారబోసి కడిగేస్తే గింజలో మిగిలే ఉప్పు కొద్దే. ఉప్పు వేస్తే గింజ ఉడకదన్న మాట పాతది, నానబెట్టే నీళ్ల విషయంలో అది తలకిందులు.

మూడోది పులుపు. గింజ మెత్తబడకముందే టమాటా, నిమ్మరసం, వెనిగర్ వంటివి పడితే ఇక అక్కడే ఆగిపోతుంది. పులుపు పెక్టిన్‌ను కరగనివ్వదు. ముందు గింజ పూర్తిగా ఉడకాలి, తర్వాతే పులుపు.

నాలుగోది, అందరూ మరిచేది: నీళ్లు ఇగిరిపోయి పైన ఉన్న గింజలు బయటపడటం. గింజల మీద ఎప్పుడూ రెండు వేళ్ల ఎత్తున నీళ్లుండాలి. తగ్గితే వేడినీళ్లే పోయండి.

ఇవన్నీ సరిచూసుకున్నా మొండికేస్తే 500 గ్రాముల ఎండు గింజలకు పావు టీస్పూను వంట సోడా వేయండి. అంతకు మించితే తొక్క ఊడి గుజ్జయిపోతుంది, సబ్బు వాసన వస్తుంది.

ఉడికిందో లేదో ఒక్క గింజతో తేల్చకండి. గరిటెతో నాలుగు పక్కలనుంచి ఐదు గింజలు తీసి మెల్లగా ఊదండి. తొక్క ముడతపడి లేస్తే దగ్గరకొచ్చినట్టు. తర్వాత ఒక్కొక్కటీ నాలుకకూ అంగిటికీ మధ్య నొక్కి చూడండి. పళ్లు తగలకుండా ఐదూ నలగాలి. నాలుగు నలిగి ఒకటి నలగకపోతే ఇంకో పావుగంట.

రాజ్మా విషయంలో మెత్తదనం కన్నా ముఖ్యమైనది ఇంకోటుంది. పచ్చి గింజల్లో ఫైటోహీమాగ్లుటినిన్ అనే విషపదార్థం ఉంటుంది. సరిగా ఉడకని గింజలు నాలుగైదు తిన్నా కొన్ని గంటల్లో వాంతులు, విరేచనాలు పట్టుకోవచ్చు. కనీసం 5 గంటలు నానబెట్టి, ఆ నీళ్లు పారబోసి, కొత్త నీళ్లలో తెర్లే మరుగు మీద కనీసం 10 నిమిషాలు, 30 నిమిషాలైతే మరీ మంచిది, ఉడికించాకే సెగ తగ్గించాలి. మరుగు రానివ్వకుండా సన్న వేడి మీద గంటల తరబడి ఉంచే స్లో కుక్కర్‌లో రాజ్మాను నేరుగా వేయొద్దు. ఆ వేడి విషాన్ని చంపదు సరికదా, పెంచే ప్రమాదం కూడా ఉంది. ప్రెషర్ కుక్కర్‌కు ఈ బెడద లేదు. నానిన గింజలకు ప్రెషర్ వచ్చాక 10 నుంచి 15 నిమిషాలు చాలు.

ఇక డబ్బాతో పోలిక. 500 గ్రాముల ఎండు గింజలు ఉడికాక దాదాపు 1.2 కిలోలవుతాయి. 400 గ్రాముల డబ్బాలో నీళ్లు వంచేస్తే మిగిలేవి 240 గ్రాములు. అంటే మీ ఒక్క వంట ఐదు డబ్బాలకు సమానం. 240 గ్రాముల చొప్పున సంచుల్లో పోసి, ఉడికిన నీళ్లు కొన్ని కలిపి ఫ్రీజర్‌లో పెట్టండి, మూడు నెలలు ఢోకా ఉండదు. అప్పుడు ఇంటి గింజలే డబ్బా గింజల్లా చేతికందుతాయి. డబ్బాయే కొన్న రోజున మాత్రం జల్లెడలో వంచి కుళాయి కింద బాగా కడగండి. ఉప్పు మూడో వంతుకు పైగా ఆ నీళ్లతోనే పోతుంది.

ప్రశ్న: ఇంట్లో నూరిన అల్లం వెల్లుల్లి ముద్ద మూడు రోజులకే ఆకుపచ్చగా మారింది. పారేశాను. కొన్న సీసా నెలల తరబడి తెల్లగా ఉంటుంది. పైన నూనె పోసి బయట పెడితే నిలుస్తుందా?

జవాబు: పారేయనక్కర్లేదు, అనవసరంగా పోయింది. వెల్లుల్లిని నలగ్గొట్టినప్పుడు బయటపడే గంధక పదార్థాలు అందులోని అమైనో ఆమ్లాలతో కలిసి ఆకుపచ్చ, నీలం రంగులు పుట్టిస్తాయి. పులుపు తగిలితే ఇది ఇంకా వేగంగా జరుగుతుంది. ఫ్రిజ్‌లో చాలాకాలం చల్లగా ఉండి మొలక పుట్టబోతున్న వెల్లుల్లి మరీ తేలిగ్గా రంగు మారుతుంది. రంగు మారిందే తప్ప చెడలేదు. బూజు కట్టినా, నురగ వచ్చినా, వాసన మారినా అది వేరే సంగతి.

నూనె పోసి బయట పెట్టే ఆలోచన మాత్రం వెంటనే మానుకోండి. రంగు మారిన ముద్ద కన్నా ఇది వెయ్యి రెట్లు ప్రమాదం. వెల్లుల్లి నేలలో పెరిగేది, మట్టిలోని క్లాస్ట్రిడియం బొటులినమ్ అనే బ్యాక్టీరియా బీజాలు దాన్ని అంటుకుని రావచ్చు. గాలి తగలని చోటు, పులుపు లేకపోవడం, గది వేడి ఈ మూడూ కలిసినచోట అవి మేల్కొని విషం తయారుచేస్తాయి. నూనె కింద ఉన్న వెల్లుల్లికి ఈ మూడూ ఉన్నాయి. పైగా ఆ విషానికి రంగు, రుచి, వాసన ఏదీ ఉండకపోవచ్చు, ముక్కుతో పట్టుకోలేం. కొన్న సీసా నిలవడానికి కారణం అందులో వేసే సిట్రిక్ లేదా ఎసిటిక్ ఆమ్లం. పులుపు కొలత అయిన పీహెచ్ (అంకె తగ్గేకొద్దీ పులుపు ఎక్కువ) 4.6 కన్నా కిందికి దిగితే ఆ బీజాలు మేల్కొనవు. కొన్న ముద్దలో నోటికి తగిలే ఆ చిరుపులుపు ఇదే.

ఇంట్లో చేసే పద్ధతి: 100 గ్రాముల అల్లం, 100 గ్రాముల వెల్లుల్లి, ఒక టీస్పూను ఉప్పు, రెండు టేబుల్‌స్పూన్ల నూనె. అల్లం పొట్టును కత్తితో కాక చెంచా అంచుతో గీకితే దుబారా ఉండదు. అల్లాన్ని పీచుకు అడ్డంగా పలచటి బిళ్లలుగా కోశాకే మిక్సీలో వేయండి, నిలువుగా కోస్తే పీచులు బ్లేడుకు చుట్టుకుంటాయి. నీళ్లు పోయకండి. తిరగకపోతే ఆపి, గరిటెతో పక్కలు దిగదోసి మళ్లీ తిప్పండి. నాలుగు రోజులకు సరిపడా ఫ్రిజ్‌లో పెట్టుకుని మిగతాది ఐస్ ట్రే గుంటల్లో నింపి గడ్డకట్టించండి. ఒక్కో గుంట దాదాపు ఒక టేబుల్‌స్పూను. గట్టిపడ్డాక ఊడదీసి గాలి తీసిన సంచిలో వేస్తే మూడు నెలలు వస్తాయి, మంచు కూడా పట్టదు. ట్రేకి వాసన పడుతుంది, దానికో ట్రే వేరుగా కేటాయించడమే దారి.

ప్రశ్న: ఫ్రీజ్ చేసిన కూరగాయల్లో సారం ఉండదంటారు, నిజమేనా?

జవాబు: నిజం కాదు. కోసిన కొద్ది గంటల్లోనే మరిగే నీళ్లలో కొద్దిసేపు ముంచి గడ్డకట్టిస్తారు. ఆ ముంచడంలో విటమిన్ సి కొంత పోతుంది, తర్వాత పెద్దగా పోదు. తాజా కూరగాయ ఐదారు రోజులు ఫ్రిజ్ అడుగున పడి ఉంటే అంతకన్నా ఎక్కువే పోగొట్టుకోవచ్చు. వండినప్పుడు నీరుకారిపోవడానికి కారణం మనం. కరగనిచ్చి వండకండి, గడ్డగా ఉన్నప్పుడే బాగా కాలిన వెడల్పాటి మూకుట్లో ఒకే పొరగా వేయండి.

ప్రశ్న: ఇంట్లో తోడుపెట్టిన పెరుగు ఒక్కోసారి నీళ్లగా, ఒక్కోసారి తీగలు సాగుతూ వస్తోంది. కొన్నది కత్తితో కోసినట్టుంటుంది. పాలు అవే, కొలత అదే.

జవాబు: కొలత అదే కావచ్చు, వేడి అదే అయి ఉండదు. పెరుగంతా వేడి లెక్కే.

పాలు ఒక పొంగు రాగానే దించేస్తే గట్టి పెరుగు రాదు. 85 డిగ్రీల సెల్సియస్ దగ్గర 10 నుంచి 15 నిమిషాలు ఉంచాలి, అంటే పొంగు వచ్చాక సెగ బాగా తగ్గించి కలుపుతూ ఆ సేపు ఆగాలి. అప్పుడు పాల తేటలో ఉండే ప్రోటీన్లు విప్పుకుని పాలలోని ప్రధాన ప్రోటీన్ కేసిన్‌కు అతుక్కుంటాయి. పెరుగులో నీటిని పట్టి ఉంచే వల అదే. తర్వాత 43 డిగ్రీలకు చల్లార్చాలి. థర్మామీటర్ లేకపోతే శుభ్రంగా కడిగిన చిటికెన వేలు ముంచి పది లెక్కపెట్టండి. ఐదు దగ్గరే వేలు తీసేయాలనిపిస్తే ఇంకా వేడి ఎక్కువ, తోడు చచ్చిపోతుంది. పది దాటినా ఏమీ తెలియకపోతే చల్లబడిపోయింది, మళ్లీ కాస్త వెచ్చచేయండి.

లీటరుకు ఒక టేబుల్‌స్పూను తోడు చాలు. గట్టిపడుతుందని ఎక్కువ వేస్తే పులుపు ముందు పరిగెత్తి, గరుగ్గా, తేట ఊరుతూ తయారవుతుంది. తోడును కొన్ని పాలతో చిలికి కలిపి, వెచ్చటి చోట 6 నుంచి 8 గంటలు కదపకుండా ఉంచండి. అటు ఇటు వెళ్తూ గిన్నె వంచి చూడటం వల్ల పాడైన పెరుగులకు లెక్కలేదు. తోడుకోగానే ఫ్రిజ్‌లో నాలుగు గంటలు పెడితేనే గట్టిపడుతుంది.

తీగలు సాగడం తోడులోని బ్యాక్టీరియా జాతిని బట్టి వస్తుంది. చల్లగా తోడుపెట్టినప్పుడు జిగురు తయారుచేసే జాతులు పైచేయి సాధిస్తాయి. తినడానికి ప్రమాదం లేదు కానీ దాన్నే మళ్లీ తోడుగా వాడితే వదలదు. తోడు మార్చండి. కొన్న పెరుగును తోడుగా వాడేటప్పుడు అందులో సజీవ కల్చర్ (బతికున్న పెరుగు బ్యాక్టీరియా) ఉందని రాసి ఉండాలి. తోడుకున్న తర్వాత మళ్లీ వేడిచేసిన రకాలతో పాలు పాలుగానే మిగులుతాయి.

కొన్నది కోసినట్టుండటానికి పాలపొడి ఒక కారణం. కొన్ని రకాల్లో స్టార్చ్, జెలటిన్, పెక్టిన్ కూడా ఉంటాయి. మీరూ లీటరు పాలు కాచేముందు మూడు టేబుల్‌స్పూన్ల పాలపొడి కలిపి చూడండి. లేదంటే తయారైన పెరుగును పలచటి గుడ్డలో మూటకట్టి ఫ్రిజ్‌లో రెండు మూడు గంటలు వేలాడదీయండి. కారిన తేటను పారబోయకండి, పిండి కలపడానికి నీళ్ల బదులు వాడొచ్చు.

ప్రశ్న: ప్యాకెట్ వెనక ఏం చూడాలి? నంబర్లు చూస్తే భయమేస్తుంది. "చక్కెర కలపలేదు" అన్నది నమ్మొచ్చా?

జవాబు: నిల్వకూ రుచికీ చిక్కదనానికీ కలిపేవాటికి ఇచ్చిన గుర్తులే ఆ నంబర్లు, వాటిని చూసి బెదరకండి. 300 అంటే విటమిన్ సి, 330 అంటే నిమ్మ ఉప్పు, 322 అంటే లెసిథిన్, గుడ్డు పచ్చసొనలో ఉండేదే. 202, 211 నిల్వకు వాడేవి, 415 చిక్కదనానికి. 621 చాలామంది పేరు చెప్పుకుని భయపడే మోనోసోడియం గ్లుటమేట్, రుచి పెంచేది. గ్లుటమేట్ టమాటాలోనూ, పాతబడిన చీజ్‌లోనూ సహజంగా ఉన్నదే. ఈ జాబితా చివర్లో ఉండే నంబరు కన్నా మొదట్లో ఉండే మామూలు పేర్లే చూడాల్సినవి.

పదార్థాలను బరువు ప్రకారం ఎక్కువ నుంచి తక్కువకు రాస్తారు. సూప్ ప్యాకెట్‌లో మొదటి మూడు పేర్లు స్టార్చ్, ఉప్పు, చక్కెర అయి, బొమ్మలో ఎర్రగా మెరిసే టమాటా ఐదోదో ఆరోదో అయితే మీరు కొంటున్నది ఉప్పేసిన గంజి పొడి. చక్కెరను చక్కెర, గ్లూకోజ్ సిరప్, డెక్స్‌ట్రోజ్ అని మూడు పేర్లుగా విడగొడితే ఒక్కొక్కటీ కిందికి జారిపోతుంది. మూడూ కలిపితే మొదటి స్థానం దానిదే కావచ్చు. "చక్కెర కలపలేదు" అన్నచోట గాఢమైన పండ్లరసం ఉందేమో చూడండి. మాట అబద్ధం కాకపోవచ్చు, తీపి మాత్రం ఉంటుంది.

ఉప్పుకు బదులు సోడియం అని రాసి ఉంటే దాన్ని 2.5తో హెచ్చించండి. సోడియం 800 మి.గ్రా. అంటే ఉప్పు 2 గ్రాములు. ఇక్కడే ఇంకో మెలిక: ఆ 800 ఎంత భాగానికి? ప్యాకెట్‌లో రెండు వడ్డింపులని చిన్న అక్షరాల్లో ఉండి, మీరు ప్యాకెట్ మొత్తం ఒక్కరే తాగేస్తే 4 గ్రాములు. పెద్దవాళ్లకు రోజంతా కలిపి 5 గ్రాముల లోపే ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ మాట. ఒక్క గిన్నె సూప్‌తోనే రోజు కోటా దాదాపు అయిపోయింది. పోలిక కావాలంటే రెండు ప్యాకెట్ల మీదా "100 గ్రాములకు" అన్న వరుసే చూడండి.

ప్రశ్న: సెలవురోజు వారానికి సరిపడా వండి పెట్టుకుంటున్నాను. మూడోరోజుకే వాసన మారుతోంది. ఫ్రిజ్ బాగానే పనిచేస్తోంది.

జవాబు: ఫ్రిజ్ తప్పు కాదు, గిన్నె తప్పు. పెద్ద గిన్నెలో కూర అంచుల దగ్గర చల్లగా తగులుతుంది, మూత కూడా చల్లగానే ఉంటుంది. గరిటె నడిమధ్యకు దింపి చూస్తే ఇంకా వెచ్చగానే ఉంటుంది, గంటల తరబడి. బ్యాక్టీరియాకు అంతకన్నా సుఖమైన చోటు లేదు. వేడి తగ్గగానే రెండు అంగుళాల లోతు మించని వెడల్పాటి గిన్నెల్లోకి మార్చండి. తొందరైతే సింకులో చల్లటి నీళ్లు నింపి గిన్నె అందులో పెట్టి కలపండి. వండిన రెండు గంటల్లోపు ఫ్రిజ్‌లోకి చేరాలి. ఫ్రిజ్ లోపల 5 డిగ్రీలు దాటకూడదు, తలుపు అరలో కాక మధ్య అరలో చిన్న థర్మామీటర్ పెట్టి చూడండి.

అన్నానికి ఇంకా తొందర. బియ్యంలో ఉండే బాసిల్లస్ సీరియస్ అనే బ్యాక్టీరియా బీజాలు ఉడికినా చావవు. అన్నం వెచ్చగా బయట ఉండిపోతే మొలకెత్తి విషం వదులుతాయి. ఆ విషం మళ్లీ వేడిచేసినా పోదు. అందుకే గంటలోపు పళ్లెంలో ఆరబోసి, చల్లార్చి ఫ్రిజ్‌లో పెట్టి, ఒక్కరోజులో తినేయండి. వారానికి సరిపడా కావాలంటే పూటకో పొట్లంగా ఫ్రీజ్ చేయండి.

మొత్తం మీద మూడు రోజులకు ఫ్రిజ్, ఆపై రోజులకు ఫ్రీజర్. ఫ్రీజర్ మైనస్ 18 దగ్గర ఉండాలి. సంచిని బల్లపరుపుగా, వేలి మందాన పరిచి గడ్డకట్టిస్తే త్వరగా గడ్డకడుతుంది, త్వరగా కరుగుతుంది, పుస్తకాల్లా నిలబెట్టొచ్చు. డబ్బాలైతే పైన కొంత ఖాళీ వదలండి, నీళ్లు గడ్డకట్టి ఉబ్బుతాయి. ఉడికిన బంగాళాదుంప ముక్కలు దూదిలా, ఉడికిన గుడ్డు తెల్లసొన రబ్బరులా మారతాయి. పిండితో చిక్కబరిచిన సాసులు విరిగి నీళ్లోడుతాయి. వాటిని తినే రోజే కలుపుకోండి. పేరు, తేదీ రాయని సంచి ఏదో ఒకనాడు చెత్తబుట్టకే పోతుంది.

ప్రశ్న: కొన్న బ్రెడ్ ఐదు రోజులైనా మెత్తగా ఉంటుంది. నేను చేసింది మర్నాటికే గట్టిపడుతోంది, ఫ్రిజ్‌లో పెట్టినా సరే.

జవాబు: ఫ్రిజ్‌లో పెట్టబట్టే. బ్రెడ్ గట్టిపడటం ఆరిపోవడం ఒక్కటే కాదు. ఉడికినప్పుడు ఉబ్బిన పిండి అణువులు చల్లారాక మళ్లీ బిగుసుకుని వరుస కడతాయి, అది ఫ్రిజ్ చల్లదనంలోనే అన్నిటికన్నా వేగంగా జరుగుతుంది. ఫ్రీజర్‌లో దాదాపు ఆగిపోతుంది. పూర్తిగా చల్లారాక ముక్కలు కోసి, ఫ్రీజర్‌లో పెట్టి, కావలసినన్ని తీసి గడ్డగానే టోస్టర్‌లో వేయండి.

కొన్నదాంట్లో ఈ బిగుసుకోవడాన్ని ఆపే 471 వంటి ఎమల్సిఫయర్లు (నూనెనూ నీటినీ కలిపి పట్టి ఉంచేవి), ఎంజైములు, బూజు రాకుండా 282 ఉండొచ్చు. ఇంట్లో వాటి పని కొంతవరకు గంజి చేస్తుంది. 20 గ్రాముల పిండిని 100 గ్రాముల నీళ్లలో ఉండలు లేకుండా కలిపి సన్న సెగ మీద గరిటె తిప్పుతూ ఉడికించండి. గరిటె వెళ్లిన దారి గిన్నె అడుగున ఓ క్షణం చెరగకుండా నిలిస్తే చాలు, దించేయండి. చల్లారాక 380 గ్రాముల పిండి, 170 గ్రాముల నీళ్లు, 20 గ్రాముల చక్కెర, 7 గ్రాముల ఉప్పు, 4 గ్రాముల ఇన్‌స్టంట్ ఈస్ట్‌తో కలిపి పిసకండి. ముద్ద నున్నబడ్డాక 30 గ్రాముల వెన్న కలపండి. ముందే ఉడికిన పిండి ఎక్కువ నీటిని పట్టి ఉంచుతుంది కాబట్టి రెండు మూడు రోజులు మెత్తగా ఉంటుంది. పిండి చేతికి అంటుకుంటోందని పైన మరింత పిండి చల్లుకుంటూ పోవడం వల్లే సగం బ్రెడ్లు ఇటుకలవుతాయి. చెయ్యి తడిచేసుకోండి, పది నిమిషాలు ముద్దను వదిలేయండి, దానంతటదే దారికొస్తుంది.

ప్రశ్న: ఏదైనా ప్యాకెట్ తెస్తే ఇంట్లో పెద్దవాళ్లు బద్ధకమంటారు. నిజంగా తప్పు చేస్తున్నానా?

జవాబు: బద్ధకమన్న మాట అనేవాళ్లలో గిన్నెలు తోమేవాళ్లెందరో ముందు లెక్కపెట్టండి. 500 గ్రాముల గింజలు ఉడికించడానికి చేతిపని పది నిమిషాలే, మిగతాదంతా పొయ్యి పని. బరువంతా నానబెట్టడం గుర్తుంచుకోవడంలో, ఏం వండాలో ఆలోచించడంలో, తర్వాత తోమడంలో ఉంది. ఈ మూడూ ఒక్కరి మీదే ఉన్న ఇంట్లో ప్యాకెట్ రావడం ఆశ్చర్యం కాదు. నానబెట్టే పని ఒకరికి, తోమే పని ఇంకొకరికి రాసిచ్చి ఫ్రిజ్ తలుపుకు అంటించండి. అప్పటికీ వారంలో రెండు రోజులు ప్యాకెట్ వస్తే రానివ్వండి.

ప్రశ్న: టమాటా సాసు ఇంట్లో కాచి సీసాల్లో నింపాను. రెండు వారాలకు ఒక సీసా మూత ఉబ్బింది. మరిగించి వాడుకోవచ్చా?

జవాబు: వద్దు. రుచి కూడా చూడకండి. టమాటా పులుపు చాలాసార్లు ఇందాక చెప్పిన పీహెచ్ 4.6 గీత మీదే ఊగిసలాడుతుంది, బాగా పండినవి గీత దాటేస్తాయి. ఉల్లి, వెల్లుల్లి, మిరప కలిసేకొద్దీ పులుపు ఇంకా తగ్గుతుంది. ఉత్త టమాటాను సీసాల్లో పట్టేవాళ్లు కూడా సుమారు లీటరు సీసాకు సీసాలో కొన్న నిమ్మరసం రెండు టేబుల్‌స్పూన్లు కానీ, అర టీస్పూను నిమ్మ ఉప్పు కానీ తప్పనిసరిగా వేస్తారు. ఆపైన సీసాలను పరీక్షించిన కొలతల ప్రకారం మరిగే నీళ్లలో ఉంచుతారు. మీ సాసులో తాలింపు, ఉల్లి ఉంటే ఆ కొలతలు వర్తించవు. ఇకమీదట కాచి, చల్లార్చి, ఫ్రీజర్‌లో పెట్టుకోండి. సాసు చిక్కబడిందో లేదో పళ్లెం మీద ఒక చెంచా వేసి వేలితో గీత గీసి చూడండి, చుట్టూ నీళ్లు ఊరకుండా గీత నిలవాలి.

ఉబ్బిన సీసాను తెరవకుండా రెండు సంచుల్లో చుట్టి మూతికట్టి, పిల్లలకూ జంతువులకూ అందకుండా చెత్తలో వేయండి. అదేరోజు కాచిన మిగతా సీసాలు పైకి బాగానే కనిపించినా వాటినీ దానితోపాటే పంపేయండి.